ఎవరూ అనని మాట

కిందటి భాగంలో మిమ్మల్ని ఆసుపత్రిలో, కట్లు మార్చే గదిలో నిలబెట్టేసి నా దారిన నేను పోయాను. కాళ్ళు పీకి ఉంటాయి, కూర్చోండి. మధ్యలో వచ్చి చేరినవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మా నాన్న కాపలా కుక్కలకు తర్ఫీదు ఇస్తాడు. పేటంతటికీ ఆయన మాస్టారు. ఆయనకు మేం ఇద్దరం కూతుళ్ళం. నేను పెద్దదాన్ని, ముప్పై తొమ్మిదేళ్ళు, కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పని. చెల్లి నాకంటే ఏడేళ్ళు చిన్న. ఇంటి దగ్గరే ఉండి నాన్నతో పాటు కుక్కల పని చూస్తుంది. అమ్మ పోయి చాలా కాలమైంది.

తొమ్మిది రోజుల క్రితం, నేను పెళ్ళి చేసుకుందామనుకున్న మనిషి మొదటిసారి మా ఇంటికి వచ్చాడు. మా ల్యాబు ఉన్న భవనంలో లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆగిపోయిన లిఫ్టులో నలభై నిమిషాలు ఇరుక్కుపోయిన నన్ను చెయ్యి పట్టి పైకి లాగినవాడు. ఆ చెయ్యి ఆ తర్వాత నేను వదల్లేదు, అది వేరే సంగతి. మా ఇంట్లో అతని పేరు లిఫ్టాయన. ఆ రోజు గేటు తీసింది చెల్లి. పెళ్ళి కాకముందే వరస కలిపేసి, "రండి బావా, రండి!" అంది. నేను సిగ్గుపడేలోపలే గొళ్ళెం వెళ్ళి అతని కుడి చెయ్యి పట్టుకున్నాడు.

గొళ్ళెం అంటే మా కుక్క. నాన్న తన కుక్కలన్నిటికీ తలుపు సామాన్ల పేర్లే పెడతాడు. తాళం, గడియ, గొళ్ళెం. వీడు బుల్‌మాస్టిఫ్, అరవై కిలోలు, మనిషిని చూసి ఒక్కసారి తోక ఊపి మళ్ళీ నిద్రలోకి జారుకునే రకం. ప్రమాదకరమని ఊరి పాలకులు రాసిపెట్టిన పద్నాలుగు జాతుల జాబితాలో వీడి జాతిది ఆరో స్థానం. జాబితాలో ఉన్న కుక్కను వీధిలోకి తెస్తే మూతికి చిక్కం కట్టాలి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి, ఏడాదికోసారి తీసుకెళ్ళి కొలతలు ఇవ్వాలి. మనిషిని కరిస్తే పది రోజులు సర్కారు బోనులో ఉంచి చూస్తారు. ఆ తర్వాత ప్రాణం తీసే ఇంజెక్షన్. రేపు ఉదయం పదింటికి గొళ్ళేనికి ఆ పది రోజులూ నిండుతాయి.

ఇక ఇవాళ్టి సంగతి. నర్సు కట్టు విప్పింది. ఇన్నాళ్ళూ నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు కాబట్టి ఆ గాయాన్ని నేను చూడటం అదే మొదలు. చూసి కళ్ళు తిరిగి పడిపోతానని నర్సు కుర్చీ దగ్గరికి జరిపింది. నేను చేసిన పని మాత్రం పళ్ళు లెక్కపెట్టడం.

పైన రెండు, కింద రెండు. నాలుగు కోరపళ్ళ గుంటలు, వాటి మధ్య ముందు పళ్ళ నొక్కులు. అంతే. పదహారేళ్ళుగా పళ్ళతో కాపురం చేస్తున్నదాన్ని, ఏ పన్ను ఎక్కడ ఎలా దిగిందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. భయంతోనో కోపంతోనో కరిచే కుక్క ఒకసారి కరిచి ఊరుకోదు. కరుస్తుంది, వదులుతుంది, మళ్ళీ కరుస్తుంది, తల విదిలిస్తుంది. చర్మం చీలికలు పేలికలవుతుంది. ఇక్కడ చీలిక లేదు. నోటి నిండా ఒక్కసారి పట్టుకుని, కదలకుండా అలాగే ఉండి, వదలమన్నప్పుడు వదిలిన గాయం అది. అలా పట్టుకోవడం కుక్కకి పుట్టుకతో రాదు. ఎవరో నేర్పాలి.

"ఏంటి అలా చూస్తున్నారు?" అన్నాడు లిఫ్టాయన. పెళ్ళి మాటల దాకా వచ్చినా నన్ను ఇంకా మీరు అనే అంటాడు.

"నాలుగే ఉన్నాయి" అన్నాను.

"చాల్లేదా మీకు?" అని నవ్వాడు.

నర్సు వేళ్ళు ముడవమంది. మూడు ముడిచాడు. ఉంగరం వేలు, చిటికెన వేలు మాట వినలేదు. నరం సంగతి ఆరు నెలలు ఆగితే గానీ చెప్పలేమని డాక్టరు ఇదివరకే అన్నాడట. స్క్రూడ్రైవరు పట్టి బతికే మనిషికి ఆ రెండు వేళ్ళు ఏమిటో నాకు తెలుసు. అతను మాత్రం, "లిఫ్టు బటన్ నొక్కడానికి ఒక్క వేలు చాల్లెండి" అన్నాడు. నాకు అప్పుడు ఏడుపు రావాలి. రాలేదు. తొమ్మిది రోజులుగా రావడం లేదు. పన్ను పీకే ముందు ఇంజెక్షన్ ఇచ్చాక బుగ్గ ఎలా ఉంటుందో ఒళ్ళంతా అలా ఉంది. గిల్లితే తెలుస్తోంది, నొప్పి మాత్రం లేదు. మా ఇంట్లో ఏడుపు పని మొత్తం చెల్లి చూసుకుంటోంది. తొమ్మిది రోజులుగా దాని కళ్ళ వాపు దిగలేదు.

బస్సెక్కి ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండయింది. మా ఇంటి వెనక పొడవాటి రేకుల షెడ్డు, అందులో ఎనిమిది గదులు, ఒక్కో గదికి ఇనప తలుపు. ఏడు గదుల్లో కుక్కలు. ఎనిమిదోది ఖాళీ. నాన్న ఆ ఖాళీ గదినే కడుగుతున్నాడు. తొమ్మిది రోజులుగా రోజూ కడుగుతున్నాడు. నీళ్ళ గిన్నె తోమి బోర్లిస్తాడు, నేల రుద్దుతాడు, ఆరాక తలుపు వేస్తాడు.

"నాన్నా, గొళ్ళేనికి మాట ఇచ్చావా?" అన్నాను.

మా ఇంట్లో మాట ఇవ్వడమంటే ప్రమాణం చెయ్యడం కాదు. పట్టుకోమని చెప్పే మాటను కుక్కకు నేర్పడం. ఒక్కో కుక్కకు ఒక్కో మాట. జాబితా వచ్చినప్పటి నుంచి అందులోని జాతులకు మాట ఇవ్వడం నేరం. ఇవ్వలేదని నాన్న గొళ్ళెం కాగితాల మీద సంతకం కూడా పెట్టాడు.

ఆయన చీపురు ఆపలేదు. "చెయ్యి ఎలా ఉంది అతనికి?"

"రెండు వేళ్ళు కదలడం లేదు. నేను అడిగింది అది కాదు."

"ఈ జాతి ఎలా పుట్టిందో తెలుసా నీకు?"

"వందసార్లు చెప్పావు."

"అయితే ఇంకోసారి విను." తన గురించి అడిగితే కుక్కల గురించి చెప్పడం నాన్నకు పాత అలవాటు. "పూర్వం వీటి తాతల్ని ఎద్దుల మీదకి వదిలి, చుట్టూ జనం చేరి చూసేవాళ్ళు. ఎద్దు మూతి దొరికితే వదలకూడదు. అదే ఆట. చట్టం వచ్చి అది ఆపేస్తే నేలమాళిగల్లోకి దూరి కుక్కకీ కుక్కకీ పోటీ పెట్టి కొట్లాడించారు. దిక్కుమాలిన మనుషులు. అక్కడ కూడా, తనని పట్టుకున్న మనిషి చెయ్యి కరిచిన కుక్కని ఉంచుకునేవాళ్ళు కాదమ్మా. ఆ తర్వాత అడవికి కాపలా ఉండేవాళ్ళకి ఇంకో రకం కావాల్సొచ్చింది. దొంగచాటుగా వేటకొచ్చినవాణ్ణి పడగొట్టాలి, కాపలావాళ్ళు వచ్చేదాకా పట్టుకుని ఉండాలి. చంపకూడదు, చింపకూడదు. అందుకని మాస్టిఫ్‌నీ బుల్‌డాగ్‌నీ కలిపి వీణ్ణి చేశారు. వీడు కరిచే కుక్క కాదు. పట్టుకునే కుక్క. ఆ జాబితా రాసినవాడు ఒక్క కుక్క మెడ మీదైనా చెయ్యి వేసుంటే ఆ తేడా తెలిసేది."

"రక్తం సంగతి నేనడగలేదు నాన్నా. మాట సంగతి అడిగాను. ఆ చేతి మీద నాలుగే గుంటలున్నాయి."

చీపురు ఆగింది. ఎన్ని గుంటలుంటే ఏమని అర్థమో ఆయనకు నాకంటే బాగా తెలుసు.

"ఇచ్చాను" అన్నాడు.

ఇక్కడ చట్టం సంగతి ఒక ముక్క చెప్పాలి. పది రోజులు నిండిన కుక్క విషయంలో ఆఫీసరు రెండిట్లో ఒకటి రాయాలి. స్వభావం వల్ల కరిచింది అని రాస్తే ఇంజెక్షన్. ఆజ్ఞ మీద పట్టుకుంది అని రాస్తే కుక్క తప్పు కాదు, మనిషి తప్పు. కుక్కను బతకనిచ్చి సర్కారు షెడ్డులో ఉంచుతారు. మాట నేర్పినవాడి లైసెన్సు పోతుంది, కేసు పడుతుంది, రెండేళ్ళ దాకా జైలు. తొమ్మిది రోజులుగా నాన్న నోరు విప్పలేదంటే గొళ్ళేన్ని ఇంజెక్షన్‌కి అప్పజెప్పి తను తప్పుకుంటున్నట్టే కదా. నాకు కోపం వస్తుందేమోనని చూసుకున్నాను. అదీ రాలేదు.

"రాసిస్తే వాడు బతుకుతాడని తెలుసుగా నీకు?"

"తెలుసు."

"జైలంటే భయమా?"

"అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి నాకు. జైల్లో మాత్రం కుక్కలుండవా?" అన్నాడు. నవ్వలేదు.

"అయితే ఆ మాట ఏంటో చెప్పు."

తర్ఫీదు జరుగుతున్నప్పుడు తప్ప కుక్క మాటను పైకి అనకూడదు. కుక్క అక్కడ లేకపోయినా సరే, నాలుకకు అలవాటు కాకూడదు. నాన్న ఆ నియమం ఎప్పుడూ తప్పలేదు, అప్పుడూ తప్పలేదు. బకెట్లో వేలు ముంచి, గది బయట ఆరిన సిమెంటు మీద రాశాడు. రెండే అక్షరాలు. నేను తల వంచి చదివాను.

బావా.

ఎవరి గురించో ఏదో రాయబోయి ఆపేశాడేమో అనుకున్నాను. తర్వాత ఇంకేమన్నా రాస్తాడని చూశాను. ఆయన వేలు చొక్కాకు తుడుచుకున్నాడు. అప్పుడర్థమైంది.

"ఇదేం మాట నాన్నా?"

"ఉస్కో అంటే దొంగక్కూడా తెలిసిపోతుంది. పట్టు అంటే పక్కింటివాళ్ళు కూడా అనగలరు. మాట ఎలా ఉండాలంటే, బయటివాడికి మామూలుగా వినిపించాలి, ఇంట్లో మాత్రం ఎవరి నోటా పొరపాటున కూడా రాకూడదు. దీర్ఘం ఉండాలి. దీర్ఘం ఉంటే కుక్క చెవికి దూరం నుంచి కూడా అందుతుంది." పాఠం చెబుతున్నట్టే చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నాకు అక్కచెల్లెళ్ళు లేరు. మీ అమ్మకి అన్నదమ్ములు లేరు. మేనత్త కొడుకని, మేనమామ కొడుకని మీకెవరూ లేరు. ఇక మిగిలింది..."

ఆపేశాడు. మిగిలింది నేను. నాకు పెళ్ళయితేనే చెల్లికి బావ.

"నాకు పెళ్ళి కాదనుకున్నావు" అన్నాను.

"నువ్వే కదమ్మా అన్నావు. ఆ చివరి సంబంధం వాళ్ళు వెళ్ళిపోయాక, ఇక నా పెళ్ళి మాట ఈ ఇంట్లో ఎత్తొద్దన్నావు. గట్టిగా అన్నావు."

"అన్నాను. నువ్వు దాన్ని కుక్కకి నేర్పుతావనుకోలేదు."

నాన్న కింద కూర్చున్నాడు, తడి నేల మీదే. నేను కూడా కూర్చున్నాను. నా జీవితంలో ఎప్పటికీ జరగదని నాన్న నమ్మిన సంగతి ఏదో, అదే మా ఇంటికి కాపలా పెట్టాడు. నాలుగేళ్ళు ఆ ధైర్యంతో నిద్రపోయాడు. ఇది విన్న ఏ ఆడదైనా ఆ బకెట్టు తన్నేస్తుంది. నాకు మాత్రం, సిమెంటు మీద అక్షరాలు ఎంతసేపట్లో ఆరుతాయా అనిపించింది. ముందు దీర్ఘాలు పోయాయి. ఆ తర్వాత మిగతాది.

"అతను వస్తున్నాడని రెండు రోజుల ముందే చెప్పాను కదా. అప్పుడన్నా చెప్పకూడదా?"

"కుక్కకి మాట మార్చాలంటే రెండు నెలలు పడుతుంది. ఈలోగా నీకేమని చెప్పాలి? నీకు పెళ్ళి కాదనుకుని ఈ మాట పెట్టాను, కాస్త చూసుకోండి అని చెప్పాలా?" తల తిప్పుకున్నాడు. "మూడు ముళ్ళూ పడకుండానే ఎవరైనా అంత గట్టిగా ఆ మాట అంటారనుకోలేదు."

"టీవీలో రోజుకి వందసార్లు అంటారు. అప్పుడెప్పుడూ లేవలేదే వాడు?"

"టీవీకి చెవి కూడా ఎత్తడు. నేర్పిన గొంతుకి తప్ప కదలడు."

ఆ మాట అక్కడే పట్టుకుని ఉండాల్సింది. పట్టుకోలేదు. మొద్దుబారిన బుర్ర ఒక సంగతి మోస్తుంటే ఇంకోటి అందుకోదు. నా ధ్యాసంతా గడియారం మీద ఉంది. జంతువుల ఆఫీసు ఐదింటికి మూసేస్తారు.

"లే నాన్నా. వెళ్ళి రాసిద్దాం" అన్నాను.

 ఆయన లేచి, లోపలికి వెళ్ళి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. బయటికి వెళ్ళేటప్పుడు కుక్క కోసం ఎప్పుడూ జేబులో వేసుకునే బిస్కెట్లు కూడా వేసుకున్నాడు. వంటింటి గుమ్మంలో చెల్లి నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ఎక్కడికని అడగలేదు. మేకుకున్న వ్యాను తాళాలు తీసుకుని ముందు నడిచింది.

దారిలో ఒక్క సంగతే అడిగింది. "వేళ్ళు కదిలాయా అక్కా?"

"రెండు కదల్లేదు."

"ఏ రెండు?"

చెప్పాను.  ఆఫీసు ముందు చెల్లి వ్యాను ఆపి, "నేనిక్కడే ఉంటా" అంది.

జంతువుల ఆఫీసంటే ముందొక గది, మధ్యలో కుక్కల్ని తూచే బల్ల, వెనక బోనులు. ముందు గదిలో కూర్చున్నావిడను పేటలో కుక్కలున్నవాళ్ళందరూ టేపు మేడమ్ అంటారు. మెళ్ళో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంటుంది. తల చుట్టూ ఎంత, ఛాతీ ఎంత, నేల నుంచి భుజం దాకా ఎంత అని కొలిచి, కుక్క జాబితాలోకి వస్తుందో రాదో తేల్చేది ఆవిడే. కటువైన మనిషని పేరు. నాన్న లోపలికి రాగానే లేచి నిలబడింది.

"రాసివ్వడానికి వచ్చాను మేడమ్" అన్నాడు నాన్న. "వాడు ఆజ్ఞ మీదే పట్టుకున్నాడు."

ఆవిడ ఊపిరి వదిలింది. "ఈ మాట మొదటి రోజే చెప్పుంటే ఏం పోయింది మాస్టారూ? తొమ్మిది రోజులుగా నా చేతిలోంచి రొట్టె ముక్క తింటున్నాడు, పెదవి కూడా తగలకుండా. స్వభావం వల్ల కరిచాడని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు." గబగబా సొరుగు లాగి పొడవాటి కాగితం తీసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. ఊరికే చూస్తూ నిలబడ్డాను.

జాతి రాసుకుంది. వయసు రాసుకుంది. నేర్పిన మాట ఏమిటని అడిగితే, నాన్న కాగితం తన వైపు తిప్పుకుని ఆ గడి తనే నింపాడు. ఆవిడ చదివింది. పెదవులు కదిలాయి, శబ్దం రాకుండా ఆపుకుంది. వెనక బోనులో వాడున్నాడు కదా. తల ఎత్తి నన్ను చూసింది. పక్కనున్న నేనెవరో, ఆ రోజు చేతికి గాయమైనవాడు నాకేమవుతాడో ఆవిడకు తెలుసు. మళ్ళీ కాగితంలోకి చూసుకుంది.

"ఇంకో రెండు గళ్ళున్నాయి మాస్టారూ. చెయ్యి ఇచ్చినవారు, గొంతు ఇచ్చినవారు."

అదేమిటో ఆ పనిలో లేనివాళ్ళకు చెప్పాలి. పట్టు నేర్పడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు మోచేతి దాకా మందపాటి గుడ్డ తొడుగు వేసుకుని కుక్క ఎదురుగా నిలబడతారు. వాళ్ళది చెయ్యి. ఇంకొకరు దూరంగా నిలబడి మాట అంటారు. వాళ్ళది గొంతు. కుక్క జీవితాంతం ఆ గొంతుకే కట్టుబడి ఉంటుంది.

"చెయ్యి నాది" అన్నాడు నాన్న. చొక్కా పైకి లాగి చూపించాడు. మోచేతి కింద పాత కమిలిన మచ్చలు వరసగా ఉన్నాయి.

"గొంతు?"

"అదీ నాదే రాసుకోండి."

"రెండూ మీరే ఎలా అవుతారు? మీ చేతిని మీరే పట్టుకోమంటే పట్టుకుంటాడా వాడు?" ఆవిడ మామూలుగానే అడిగింది. "రెండు గళ్ళలో ఒకే పేరుంటే పైవాళ్ళు కాగితం తిప్పి పంపేస్తారు. ఎవరో ఒకరి పేరు చెప్పండి. జీతానికి పెట్టుకున్న మనిషెవరైనా ఉన్నారా?"

 ఎదురుగా గోడ మీద పద్నాలుగు జాతుల బొమ్మలున్న పటం ఉంది. నాన్న దాని వైపు చూశాడు. తర్వాత చెయ్యి చాపి, ఆవిడ ముందున్న కాగితాన్ని తీసుకుని రెండు మడతలు పెట్టాడు.

"వద్దులెండి మేడమ్. రేపు పదింటికే కానివ్వండి."

"అదేంటి మాస్టారూ?"

"నేనేమీ చెప్పలేదనుకోండి. వాడే కరిచాడు."

జైలంటే భయం లేదన్న మనిషి, ఖాళీ గది రోజూ కడిగే మనిషి, ఒక్క పేరు రాయాల్సి వచ్చేసరికి గొళ్ళేన్ని చంపెయ్యమంటున్నాడు. ఆ తొమ్మిది రోజుల మౌనం తన కోసం కాదని అప్పటికి గానీ నాకు తట్టలేదు. మా ఇంట్లో ఉన్నవి మూడు గొంతులు. ఒకటి తొడుగు వేసుకుని కుక్కకు ఎదురుగా నిలబడింది. ఇంకొకటి పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ల్యాబులో ప్లాస్టరు అచ్చుల మధ్య ఉంటుంది. మిగిలింది ఒకటే. నా అరచేతులు చల్లబడ్డాయి. ఇన్ని రోజుల్లో ఒంటికి తెలిసిన మొదటి సంగతి అదే.

"ఆ కాగితం ఇటివ్వు నాన్నా."

అన్నది నేను కాదు. తలుపు దగ్గర చెల్లి నిలబడి ఉంది. వ్యాను తాళాలు చేతిలో అలాగే ఉన్నాయి.

"నువ్వు బయటికి పో" అన్నాడు నాన్న. చెల్లితో ఆయన అలా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

చెల్లి వచ్చి ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని, మడతలు విప్పి, బల్ల మీద పెట్టి చేత్తో సాపు చేసింది. "గొంతు నాది మేడమ్. నాలుగేళ్ళ క్రితం, రెండు నెలలు. అక్క పనికి వెళ్ళాక రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి అనేదాన్ని. నాన్న ఇటువైపు తొడుగు వేసిన చెయ్యి చాచి నిలబడేవాడు. రాసుకోండి."

టేపు మేడమ్ కలం చేతిలో పట్టుకుని మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత కుర్చీ ముందుకు లాక్కుని, పిల్లలకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "చూడమ్మా. గొంతు నీదని రాసినంత మాత్రాన నీకేం కాదు. ఆ రోజు ఆ మాట ఎందుకొచ్చిందన్నదే ముఖ్యం. కావాలని అన్నావంటే అది కుక్కని మనిషి మీదకి ఉసిగొల్పినట్టు. పెద్ద కేసు. అక్కకి కాబోయే ఆయన వచ్చాడు, సంబరపడ్డావు, మాట సంగతి గుర్తులేక నోరు జారింది. అలా అయితే నీ మీద ఏమీ ఉండదు. మాస్టారి మీద కేసుతో పోతుంది, కుక్కా బతుకుతుంది. ఇక్కడ ఒక్క వాక్యం రాస్తే చాలు. నోరు జారిందని రాయనా?"

"రాయండి" అన్నాడు నాన్న, ఆవిడ మాట పూర్తయ్యీ కాకముందే. "జారింది. రాసెయ్యండి మేడమ్."

ఆవిడ కలం కాగితం మీద పెట్టింది.

చెల్లి నా వైపు తిరిగింది. తొమ్మిది రోజులుగా నా ముఖంలోకి చూడలేదది. ఇప్పుడు చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ ఏడవడం లేదు.

"జారలేదక్కా" అంది.